గురువును ఎంచుకునే హక్కు, వదులుకునే హక్కు

సంగీతం మాస్టారి కోసం వెతకడం ఒక హక్కుల పత్రికలో సంపాదకీయం రాయదగ్గ విషయమేనా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. వరకట్నం, గృహహింస, కూలి రేట్లు, భూమి మీద హక్కు లాంటి సమస్యలు ఇన్ని ఉండగా ఈ సరిగమల గొడవ ఎందుకని అడగవచ్చు. నా జవాబు ఇది. మన ఆడపిల్లల్ని బయటి మనిషి ఇంటికి, వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి, ఒంటరిగా తల్లిదండ్రులే స్వయంగా పంపే సందర్భాలు చాలా తక్కువ. వాటిలో సంగీతం ఒకటి. స్కూలుకు రిజిస్టరు ఉంటుంది, హెడ్మాస్టరు ఉంటారు, తనిఖీకి వచ్చే అధికారి ఉంటారు. సంగీతం చెప్పే ఇంటి ముందుగదికి ఇవేవీ ఉండవు. అక్కడ ఉండే నియమం ఒక్కటే, గురుభక్తి. ఆ భక్తి మాటున ఏం జరుగుతోందో అడిగే అలవాటు మనకు లేదు.

అసలు ఆడపిల్లకు సంగీతం ఎందుకు చెప్పించేవాళ్ళం? పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడటానికి. పెళ్ళయ్యాక వీణ అటక ఎక్కేది, పాట వంటింట్లో అణిగిపోయేది. మరోపక్క, తరతరాలుగా సంగీతాన్ని బతుకుగా చేసుకుని, నేర్చుకుని, నేర్పిన కళావంతుల స్త్రీలను సమాజం చిన్నచూపు చూసింది. బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) తన సొమ్ము పెట్టి తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరం కట్టించారు. అలాంటి మనిషి కూడా అక్కడి ఆరాధనలో స్త్రీలు పాడే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడాల్సి వచ్చింది. పాటను గౌరవిస్తూ పాడే స్త్రీని అదుపులో పెట్టడం మనకు కొత్త కాదు. ఈనాటి ముందుగదిలోనూ ఆ పాత లెక్కే నడుస్తోంది.

మా ఆఫీసుకు వచ్చే ఒక తల్లి ఈమధ్య నన్ను అడిగింది: "అక్కా, మా పాపకు మంచి సంగీతం టీచరు ఎవరైనా తెలిస్తే చెప్పవా?" మంచి అంటే ఏమిటని అడిగితే ఆమె తడుముకోకుండా చెప్పింది. ఇంటికి దగ్గరగా ఉండాలి, ఫీజు మరీ ఎక్కువ ఉండకూడదు, పేరున్న మనిషి అయ్యుండాలి. అందరు తల్లులూ చెప్పేది ఇదే. అందులో పాపకు ఏం కావాలన్నది లేదు. పాప గొంతు ఎలాంటిది, ఆమెకు పాట మీద ఇష్టమా, మృదంగం మీద ఇష్టమా అన్న ప్రశ్న లేదు. ఆడపిల్ల అంటే గాత్రం, వీణ, మహా అయితే వయొలిన్. తాళవాద్యాలు మగపిల్లలకి. కానీ దండమూడి సుమతీ రామమోహనరావు గారు చిన్ననాడే తండ్రి దగ్గర మృదంగం నేర్చుకున్నారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. నాదస్వరం వాయించే కాలీషాబీ గారు మన కళ్ళముందే ఉన్నారు. ఆడపిల్ల చేతికి ఏ వాద్యం నప్పుతుందో నిర్ణయించేది ఆచారం కాదు, ఆ పిల్ల ఇష్టం, సాధన.

గురువును వెతకడానికి దారులు లేకపోలేదు. హైదరాబాదులో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. సికింద్రాబాదులో భక్త రామదాసు కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న కళాశాల, విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా కళాశాల ఉన్నాయి. తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఉంది. అక్కడ చేరలేనివారు కూడా వెళ్ళి అడిగితే, అక్కడ చదువుకుని ఇళ్ళలో పాఠాలు చెప్పేవారి వివరాలు దొరుకుతాయి. రేడియోలో ఆడిషన్ పాసై గ్రేడు పొందిన కళాకారులున్నారు. ఊళ్ళో జరిగే ఆరాధనలకు, సభలకు వెళ్ళి శిష్యుల పాట వినండి. గురువు ఎంత బాగా పాడతారన్నది ఒక్కటే చూస్తే చాలదు. శిష్యులు ఎలా పాడుతున్నారు, ఎంతకాలంగా ఉన్నారు, మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు అన్నవి చూడండి. మానేసిన పిల్లల తల్లుల్ని అడిగితే అసలు సంగతులు తెలుస్తాయి.

చేర్చే ముందు ఒకటి రెండు పాఠాలకు తల్లో తండ్రో పక్కన కూర్చోవాలి. అది అవమానమనుకునే గురువు దగ్గర చేర్చనక్కర్లేదు. పిల్ల శృతి చూసి పాఠం మొదలుపెడుతున్నారా, తమ శృతికే లాగుతున్నారా గమనించండి. సాధారణంగా మగవారి శృతి ఒకటి, ఒకటిన్నర దగ్గరా, ఆడవారిది అయిదు, అయిదున్నర దగ్గరా ఉంటుంది. మాస్టారి శృతిలో పాడలేక ఇబ్బందిపడే పిల్లను "నీకు గొంతు లేదు" అంటే అది అబద్ధం. నెలసరి రోజుల్లో వీణ ముట్టుకోవద్దు, పాఠానికి రావద్దు అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నెలకు నాలుగైదు రోజుల చదువు పోవడం ఒక ఎత్తు, తన ఒంటి మీద తనకే అసహ్యం నేర్పడం మరో ఎత్తు. కులం అడిగి పాఠం చెప్పే గురువు ఎంత విద్వాంసులైనా మన పిల్లలకు అక్కర్లేదు.

ఇక తాకడం సంగతి. వయొలిన్‌లో కమాను పట్టు సరిదిద్దడానికి, వీణ మెట్ల మీద వేళ్ళు సరిగా పెట్టించడానికి ఒక్కోసారి చేయి పట్టుకోక తప్పదు. మంచి గురువు ముందు చెప్పి, అడిగి, అప్పుడు పట్టుకుంటారు. ఊపిరి ఎలా తీయాలో చెప్పడానికి పిల్ల పొట్ట మీద చెయ్యి వేయవలసిన అవసరం ఏ గురువుకూ లేదు. తన పొట్ట మీద తన చెయ్యి పెట్టుకుని చూపించవచ్చు. ఈ తేడా పిల్లలకు తెలియాలి. పాఠం జరిగే గది తలుపు తెరిచి ఉండాలి. ఇప్పుడు చాలామంది, అమెరికాలో ఉన్న మన పిల్లలతో సహా, కంప్యూటరు ముందు కూర్చుని నేర్చుకుంటున్నారు. అక్కడా ఇదే సూత్రం. పాఠం ఇంట్లో నలుగురూ తిరిగే గదిలో జరగాలి. అర్ధరాత్రి మెసేజీలకు సంగీతంతో పనిలేదు.

పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకామె నాతో తన కథ చెప్పింది. ఏడేళ్ళు ఒకాయన దగ్గర వయొలిన్ నేర్చుకుంది. ఆయన వేధింపులు భరించలేక మానేసింది. ఇంట్లో చెబితే "పెద్దాయన, కూతురిలా చూసుకుని ఉంటాడు" అన్నారు. ఆమె అన్న మాట నన్ను వదలడం లేదు: "నా వయొలిన్ పోయింది. ఆయన పాఠాలు మాత్రం ఆగలేదు." ప్రతిసారీ జరిగేది ఇదే. తప్పు చేసినవాడికి శిష్యులు, సన్మానాలు మిగులుతాయి. పిల్లకు సంగీతమే పోతుంది.

ఇది ఒక ఇంటి గొడవ కాదని 2018 అక్టోబరులో దేశమంతా చూసింది. కర్ణాటక సంగీత రంగంలో స్త్రీలు నోరు విప్పారు. ఆ ఏడాది డిసెంబరు కచేరీల నుంచి మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఏడుగురు కళాకారులను తప్పించింది. 2023లో చెన్నై కళాక్షేత్రలో విద్యార్థినులు లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా ధర్నాకు కూర్చున్నారు, ఒక అధ్యాపకుడు అరెస్టయ్యాడు. వాళ్ళు మాట్లాడగలిగింది నలుగురు కలిసి ఉన్నందువల్ల. ముందుగదిలో ఒక్కతే కూర్చునే పిల్లకు ఆ బలం మనమే ఇవ్వాలి.

చట్టం మన వైపు ఉంది. 2012 నాటి పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలందరికీ, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వర్తిస్తుంది. పిల్లలు నమ్మే స్థానంలో ఉన్నవాడు నేరం చేస్తే అది మరింత తీవ్రమైన నేరమవుతుంది. సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. కాబట్టి "పరువు పోతుంది" అని దాచే హక్కు కన్నవారికి కూడా లేదు. 1098కి ఫోను చేయవచ్చు. పిల్ల వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి. పద్ధెనిమిదేళ్ళు దాటినవారికి 2013 చట్టం ఉంది. పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట్ల మీద, సొంతంగా సేవలందించే వ్యక్తుల చోట్ల మీద కూడా జిల్లాలోని లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అయితే మూడు నెలల్లోగా చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు.

ఇదంతా చదివి సంగీతం చెప్పే మగవారందర్నీ అనుమానించమంటున్నానని అనుకోవద్దు. ఆడపిల్లలకు దశాబ్దాలుగా గౌరవంగా, ఓపికగా విద్య ఇచ్చిన గురువులు ఎందరో ఉన్నారు. తెరిచిన తలుపు వారికి రక్షణే తప్ప అవమానం కాదు. ఇళ్ళలో పాఠాలు చెప్పే స్త్రీల సంగతీ మరచిపోవద్దు. పొయ్యి మీద పాలు, ఒళ్ళో శృతిపెట్టె పెట్టుకుని నడిపే పాఠానికి నెల జీతం అడగాలంటే వారికి మొహమాటం. "ఇంట్లో ఊరికే కూర్చుని చెప్పేదేగా" అని బేరమాడేది మనమే. పిల్ల సెలవు పెట్టిందని ఫీజు కోసేదీ మనమే. స్త్రీ నేర్పే విద్య విద్యే, దానికి పడే శ్రమ శ్రమే. ఫీజు ఎంత, నెలకు ఎన్ని పాఠాలు, సెలవుల లెక్క ఏమిటి అన్నవి మొదటి రోజే కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ మర్యాద.

గురువును ఎంచుకోవడంలో ఆడపిల్ల మాటకు చోటుండాలి. నచ్చకపోతే కారణం చెప్పకుండానే వదిలేసే హక్కు ఆమెకు ఉండాలి. ఒక గురువును వదులుకున్నంత మాత్రాన సంగీతాన్ని వదులుకోనక్కర్లేదని ఆమెకు చెప్పేవాళ్ళుండాలి. మరో గురువును వెతికిపెట్టడం మన పని. మన మహిళా సంఘాలు తమ తమ ఊళ్ళలో నమ్మకమైన సంగీతం టీచర్ల పేర్లు పోగుచేసి పెట్టుకోగలవు. మధ్యలో పాట ఆపేసిన ఆడపిల్లల్ని, ఆపేసిన తల్లుల్ని కూడా, తిరిగి శృతిపెట్టె ముందు కూర్చోబెట్టగలవు. మీ ఊళ్ళో ఈ పని ఎలా మొదలుపెట్టవచ్చో రాయండి. మీ అనుభవాలకు వచ్చే సంచికలో చోటిస్తాం.