ఏ ఋతువుకు ఏ ఊరు?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల నుండి పనిని వెదుక్కుంటూ బయలుదేరిన ఎందరో, 1955 నాటి ఒప్పందంతో ఇక్కడ రూపుదిద్దుకొన్న ఉక్కు కర్మాగారం చెంత నిలదొక్కుకొన్నారు. ఖుర్సీపార్ తెలుగు ఇళ్లలో ఆ వలస కథలు ఇప్పటికీ వినవస్తూనే ఉంటాయి. వారి మనుమరాండ్రలో నర్సింగు చదివినవారు, మనుమలలో ల్యాబ్ టెక్నీషియన్లయినవారు ఇప్పుడు మరొక విధమైన ప్రయాణాన్ని గూర్చి ఆలోచిస్తున్నారు. రెండు మాసాలు ఒక యాత్రాస్థలంలో, మూడు మాసాలు ఒక అటవీ జిల్లాలో పనిచేసి తిరిగి ఇల్లు చేరే కొలువులవి. వీటిని ఎంచుకొనేటప్పుడు ఏమి చూడాలన్నదే ఈ మాసపు ప్రస్తావన.

జీతమెంత అన్నది సహజంగా మొదట పుట్టే ప్రశ్న. దానిని మేము తప్పుపట్టము. అయితే, ఆ ఊరిలో ఆ కాలంలో ఏ రోగి వస్తాడు అన్న ప్రశ్నను దానికన్నా ముందు అడగమని మా సలహా. ఋతువంటే ఎండ, వాన, చలి మాత్రమే కాదు. జనం ఎప్పుడు, ఎక్కడ గుమికూడతారన్నది కూడా వైద్యసేవకులకు ఋతువే.

దగ్గరి ఉదాహరణ డోంగర్‌గఢ్. బమ్లేశ్వరీ మాత కొండకు ఏటా రెండు నవరాత్రులలో జనం పోటెత్తుతారు. దుర్గ్, భిలాయిల వైపు నుండి కాలినడకన వెళ్లేవారూ తక్కువేమీ కాదు. వెయ్యికి మించిన మెట్లు రెండు పర్యాయాలూ అవే. కానీ చైత్రంలో వచ్చే రోగి వేరు, ఆశ్వయుజంలో వచ్చే రోగి వేరు. చైత్రంలో వడదెబ్బ తగిలినవారు, నీరు, ఉప్పు తగ్గి కండరాలు పట్టేసినవారు అధికం. కొలిమి దగ్గర పనిచేసే తండ్రులున్న ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ బాధ పుస్తకం తెరవకముందే తెలుసు! ఆశ్వయుజంలోనైతే పాదాల బొబ్బలకు కట్లు కట్టడం, మాత్రలు మానివేసి ఉపవాసంతో మెట్లెక్కే రక్తపోటు, మధుమేహ రోగులను కనిపెట్టడం ముఖ్యమైన పని. తొలిసారి ఇట్టి సేవకు వెళ్లేవారు ఇల్లు సమీపంలోనే ఉండే ఈ చోటుతో ఆరంభించడం మేలని మేము భావిస్తాము.

శబరిమల కాలం నవంబరు మధ్యలో ఆరంభమై జనవరి మకరజ్యోతి వరకు సాగుతుంది. పంబ నుండి సన్నిధానానికి ఎక్కే నిటారు దారిలో ఆయాసం, గుండెపోటు ముఖ్యమైన భయాలు. అక్కడికి చేరే భక్తులలో తెలుగువారు ఎందరో ఉంటారు. రొమ్ము పట్టేసిన మనిషి తన బాధను తన భాషలోనే చెప్పుకొంటాడు. అది వెంటనే అర్థమైన నర్సు నాలుగు నిమిషాలు ఆదా చేస్తుంది. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ మాట్లాడగల ఖుర్సీపార్ పిల్లలు తమకున్న ఈ శక్తిని దరఖాస్తులో రాయడం మరచిపోతుంటారు. సుక్మా జిల్లా కోంటా వైపు, బీజాపూర్ జిల్లా భోపాల్‌పట్నం వైపు కూడా తెలుగు చెల్లుబాటవుతుంది. లోపలి గ్రామాలలో మాత్రం గోండీ తెలిసిన మితానిన్ తోడు తప్పనిసరి.

బస్తర్‌లో వానాకాలపు మలేరియా పని అంత సులువైనది కాదు. 2020 జనవరిలో ఆరంభమైన మలేరియా విముక్త బస్తర్ కార్యక్రమంలో, జ్వరం లేనివారి నెత్తురును సైతం ఇంటింటా పరీక్షించారు. పైకి ఆరోగ్యంగా కనబడే మనిషిలోనూ ఆ క్రిమి దాగి ఉంటుంది గనుక ఈ పద్ధతి అవసరమైనది. వానలలో ఇదే పని చేయాలంటే వాగులు పొంగుతాయి, దారులు తెగుతాయి. పరీక్షించే చేతినీ దోమ కుడుతుంది. దోమతెర ఇస్తారా, జ్వరం వస్తే మందెక్కడ, బయటికి తెచ్చే వాహనమెక్కడ అని ముందుగా అడగడం పిరికితనం కాదు.

అమర్‌నాథ్‌ను గురించి ఒక ప్రత్యేక హెచ్చరిక. గుహ సుమారు 3,880 మీటర్ల ఎత్తున ఉన్నది. మైదానం నుండి వెళ్లిన వైద్యసిబ్బంది సైతం కొన్ని రోజులు ఆ గాలికి అలవాటు పడవలసిందే. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ రక్తదోషం విస్తారంగా ఉన్నది. ఆ వ్యాధి ఉన్నవారికి అంతటి ఎత్తు ప్రమాదకరం. వ్యాధి లేక కేవలం ఆ లక్షణాన్ని మోసేవారిలోనూ ఒక్కొక్కప్పుడు ప్లీహానికి హాని కలుగుతుంది. కనుక పేరు నమోదుకు ముందే తమ నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. 2022 జూలై 8న గుహ సమీపంలో వచ్చిన ఆకస్మిక వరదనూ మరువరాదు.

హజ్ యాత్రికుల సేవకు భారత ప్రభుత్వం పంపే వైద్య బృందంలో ప్రభుత్వ కొలువులోనివారిని తాత్కాలిక డెప్యుటేషన్‌పై తీసుకొంటారు. 2024 జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది, 1,300కు పైగా యాత్రికులు మరణించారు. అమెరికాలో నర్సులు 13 వారాల ఒప్పందాలపై చలికాలం ఫ్లోరిడాకు, మరొక కాలం మరొక రాష్ట్రానికి మారుతుంటారని విని మన పిల్లలు ముచ్చటపడుతున్నారు. ఇక్కడి నుండి వలస వెళ్లే నర్సు సాధారణంగా తొలుత ఒకే యజమానితో రెండు మూడేండ్ల ఒప్పందానికి కట్టుబడుతుంది. ఆ స్వేచ్ఛ ఆ తరువాతి మాట.

ఇక లెక్క. చిన్న ఆసుపత్రిలో ఏడాది పొడవునా ఉన్న కొలువును వదలి, రెట్టింపు జీతానికి రెండు మాసాలు వెళ్లిన అమ్మాయి తిరిగి వచ్చేసరికి ఆ చోట మరొకరు ఉండవచ్చు. మరుసటి పని దొరికేందుకు రెండు మాసాలు పట్టిందనుకొందాం. అప్పుడు ఆ జీతాన్ని నాలుగు మాసాలపై పరచి చూడాలి. రెట్టింపు కాస్తా మామూలైపోతుంది! ఆపై ప్రయాణం, భోజనం ఖర్చులు, తెగిపోయిన భవిష్యనిధి. సెలవుపై పంపుతామని ఇక్కడి యజమాని కాగితంపై రాసి ఇస్తే మాత్రం సంగతి వేరు.

రాష్ట్రం దాటి వెళ్లేవారు అక్కడి నర్సింగ్ కౌన్సిల్ నమోదు నియమాలను ముందే తెలుసుకోవాలి. ఉత్తర్వులో పని గంటలు, రాత్రి డ్యూటీ, స్త్రీలకు వేరు బస, బీమా, జీతం చెల్లించే తేదీ ఉండాలి. “అక్కడికి వచ్చాక చూసుకొందాం” అనే మధ్యవర్తి మాటకు మేము ఎన్నడూ విలువ ఇవ్వము.

ఋతువు మన గుమ్మంలోకే వచ్చిన సందర్భమూ ఉన్నది. 2018 వానాకాలంలో డెంగ్యూ భిలాయిని కుదిపివేసింది. ఆ దినాలలో ఊరిలో ఉన్న నర్సులకు, ల్యాబ్ పనివారికి తీరిక లేదు. డెంగ్యూ దోమ పెరిగేది మురుగులో కాదు, ఇళ్లలో నిలవ ఉన్న మంచినీటిలో. వేసవి ముగిసినా ఖాళీ చేయని కూలర్లు మన వీధులలో ఎన్ని ఉన్నవో పాఠకులకు తెలియనిది కాదు. జూలైలో అమర్‌నాథ్‌కో, బస్తర్‌కో పేరు ఇచ్చినవారు బయలుదేరే ముందు తమ ఇంటి కూలరు తొట్టిని కడిగి, ఎండగట్టి వెళ్లవలసిందిగా మనవి.