హెరాల్డుకి ఎస్టీమ్ ఇంజనా?

పాత కారు చేతికొస్తే ఇంట్లో రెండు పార్టీలు పుడతాయి. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలనేవాళ్లు ఒకవైపు, ఇంజను పీకేసి కొత్తది పెట్టాలనేవాళ్లు ఇంకోవైపు. నేను మొదటి పార్టీ. బ్రేకుల దగ్గర మాత్రం పార్టీ మారతాను.

మాట స్టాండర్డ్ హెరాల్డ్ గురించి. 1961 నుంచి మన మద్రాసులో తయారైన కారు. రూపం దిద్దింది ఇటలీ ఆయన, మికెలోట్టి. ఇంగ్లండులో ఈ చాసిస్‌నే పొట్టిచేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. అంటే మా పెదనాన్న షెడ్డులో ఉన్నది స్పోర్ట్స్ కారు కాదు గానీ, దానికి వరసకు అక్క.

పెదనాన్న చేతిలో ఉన్నది రెండు లక్షలు, అదీ రిటైరయిన డబ్బు. అన్నయ్య ఎస్టీమ్ ఇంజను వేద్దామంటున్నాడు. 948 సీసీ తీసి 1298 సీసీ! పుదుప్పేటలో సెకండ్ హ్యాండుగా దొరుకుతుంది, పని తొందరగా అయిపోతుంది అని లెక్క. ఆ లెక్కలో ఇంజను ధర ఒక్కటే ఉంది. గేర్‌బాక్సు, రేడియేటరు, మౌంటింగులు, లేతు పని ఎవరు కడతారు?

డబ్బు సంగతి అలా ఉంచండి. హెరాల్డు వెనక చక్రాలు అడ్డంగా వేసిన ఒకే కమాను కట్టకు వేలాడుతుంటాయి. మలుపులో వేగంగా తిప్పి, భయపడి యాక్సిలరేటరు వదిలేస్తే చక్రం లోపలికి ముడుచుకుంటుంది, బండి వెనక భాగం జారిపోతుంది. స్పిట్‌ఫైర్‌కి కూడా ఈ జబ్బుండేది, 1970లో మార్క్ 4 తెచ్చినప్పుడు ఆ స్ప్రింగు పద్ధతినే మార్చారు. అలాంటి కాళ్లకి, డ్రమ్ బ్రేకులకి, దాదాపు రెట్టింపు బలమున్న ఇంజను తగిలించడం ధైర్యం కాదు.

చట్టం కూడా ఉంది. ఆర్.సి.లో ఉన్న వివరాలు మారేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్నవాటికే ఆ గుర్తింపు. కొత్త ఇంజను పెడితే ఆ తలుపు మూసుకున్నట్టే.

అలాగని పాత వైర్లు, పాత గొట్టాలే ఉంచాలనే భక్తి నాకు లేదు. తాళపత్రం శిథిలమైతే ప్రతి రాసుకుంటాం, కావ్యాన్ని తిరగరాయం కదా! వైరింగు కొత్తది వేయించండి. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టండి. స్పిట్‌ఫైర్ డిస్క్ బ్రేకులు ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చు, ఆఫీసులో అడిగి రాయించుకుంటే మంచిది. సీటు బెల్టు తప్పనిసరి. బాడీ ముక్కలు చాసిస్‌కి బోల్టులతో బిగించినవే కాబట్టి తుప్పు పట్టిన ముక్కను విప్పి ఒక్కొక్కటే చేయించుకోవచ్చు, డబ్బు ఉన్నప్పుడల్లా.

ముందు చాసిస్ తుప్పు, తర్వాత బ్రేకులు, వైర్లు, ఆ తర్వాత ఇంజను. పెయింటు అన్నిటికన్నా చివర. మా ఇంట్లో మాత్రం ఇప్పుడే రంగుల పుస్తకం తిరగేస్తున్నారు! ఈ ఏడు వెలిసిపోయిన నీలంతోనే తిరగనివ్వండి. అన్నయ్యకి ఎస్టీమ్ మీద అంత మోజుంటే ఒక పాత ఎస్టీమే కొనుక్కోవచ్చు. ఏసీ కూడా వస్తుంది.