తనిఖీ రిపోర్టు గేటుకు అతికించండి

ఆస్పత్రికి ఇన్‌స్పెక్షన్ ఉందన్న కబురు అందరికన్నా ముందు ఆయాలకు తెలుస్తుంది. ఆ పొద్దున ఫినాయిల్ ఎక్కువ పోసి తుడవమంటారు. మంచాల మీద కొత్త దుప్పట్లు పరుస్తారు, టీం వెళ్లిపోగానే మడిచి మళ్లీ బీరువాలో పెట్టేస్తారు. ఎమర్జెన్సీ ట్రేలో గడువు దాటిన అడ్రినలిన్ ఆంప్యూళ్లు తీసేసి, కింద మెడికల్ షాపు నుంచి కొత్తవి తెచ్చి పెడతారు. మెట్ల మీద పేర్చిన సెలైన్ అట్టపెట్టెలు ఆటో ఎక్కి ఎక్కడికో పోతాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం చెత్త డబ్బాలు వరుసగా నిలబడతాయి. వాటిలో చెత్త మాత్రం ఉండదు. ఉంటే ఏ డబ్బాలో ఏది వేశారో తెలిసిపోతుంది కదా! రిజిస్టర్‌లో పేరు తప్ప మేమెన్నడూ మొహం చూడని స్టాఫ్ నర్సులు ఇస్త్రీ యూనిఫాంలో ప్రత్యక్షమవుతారు. టీం వచ్చి, సర్టిఫికెట్లు చూసి, ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా వెళ్లి, చాయ్ తాగి, సంతకం పెట్టి వెళ్లిపోతుంది. దీన్ని తనిఖీ అనడం కన్నా పెళ్లిచూపులు అనడం నయం.

సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. ఆ తర్వాత ఇంట్లో కూర్చోలేక హనుమకొండలో ఒక నర్సింగ్ హోంలో ఇన్‌ఛార్జిగా పనిచేశాను. దాని పేరు రాయను. ఎవరి మీదో కసి తీర్చుకోవడానికి ఈ మాటలు రాయడం లేదు. అదేమీ ఊళ్లోకెల్లా చెడ్డ ఆస్పత్రి కూడా కాదు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే లుంగీ మీదే పరుగెత్తుకొచ్చే డాక్టరు ఉన్న చోటు. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి, ఏటూరునాగారం అవతల నుంచి వచ్చే కాన్పు కేసులకు, పాము కాటు కేసులకు వరంగల్ నర్సింగ్ హోంలు లేకపోతే దిక్కు లేదు. ఆ మేలు మరిచిపోయి మాట్లాడేదాన్ని కాదు నేను.

కానీ పగటిపూట గంటసేపు చూసి వెళ్లేవాళ్లకు రాత్రి ఎలా తెలుస్తుంది? నర్సింగ్ హోం అసలు స్వరూపం రాత్రి పదకొండు తర్వాతే కనిపిస్తుంది. పై అంతస్తుకూ కింది అంతస్తుకూ కలిపి ఒక్క సిస్టర్. ఆమె కూడా పరీక్ష పాసై రిజిస్ట్రేషన్ చేయించుకున్న నర్సేనా, లేక ఇంకా చదువుకుంటున్న పిల్లా అని అడిగేవాళ్లు ఉండరు. వెంటిలేటర్ మీదున్న మనిషికి మంచానికొక నర్సు ఉండాలని నర్సింగ్ స్కూల్లోనే నేర్పుతారు. అలాంటి మంచాలు నాలుగుంటే ఇద్దరు సిస్టర్లను పెట్టిన చోటును నేను గొప్ప చోటుగా లెక్కేసుకునేదాన్ని. మిగతావాటి సంగతి మీరే ఊహించుకోండి.

తుంటి ఎముక విరిగిన ఒక పెద్దమ్మ మా దగ్గర చాలా రోజులు మంచం మీద ఉంది. కొడుకు అమెరికాలో. రోజూ వీడియో కాల్ చేసేవాడు. ఆయా వెళ్లి పెద్దమ్మ మొహం తుడిచి, జుట్టు దువ్వి, ఫోన్ పట్టుకునేది. "మంచిగున్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అనేది ఆమె. ఫోన్‌లో కనిపించేది మొహమే. నడుము కింద పుండు పడి ఎముక దాకా దిగుతున్న సంగతి ఆ కొడుక్కి ఎవరు చెప్పాలి? మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెడితే చాలావరకు ఆ పుండు రాదు. దానికి ఖరీదైన మందులు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు, రెండు జతల చేతులుంటే చాలు. ఆ చేతులే లేవు. కేస్‌షీట్‌లో మాత్రం "రెండు గంటలకోసారి తిప్పడమైనది" అని ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో, రాత్రి మొత్తానికి ఒకేసారి రాసి ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ టీం చూసేది ఆ కేస్‌షీట్‌నే. పెద్దమ్మను పక్కకు తిప్పి చూసిన ఆఫీసర్‌ను నా సర్వీసులో చూడలేదు.

చట్టం లేకనా అంటే, ఉంది. కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది, తెలంగాణ దాన్ని స్వీకరించింది. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన అథారిటీ ఉంటుంది, పని నడిపించేది జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌వో). రిటైరయ్యాక నేను కూర్చుని ఆ చట్టాన్ని సెక్షన్ల వారీగా చదివాను, చదివేకొద్దీ ఆశ్చర్యపోయాను. దరఖాస్తు పెట్టుకున్న పది రోజుల్లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. ఇచ్చేముందు ఎలాంటి విచారణా చేయకూడదని 16వ సెక్షన్ చెబుతుంది! అంటే ఆస్పత్రి గడప తొక్కకుండానే ఆస్పత్రికి అనుమతి. రిజిస్ట్రేషన్ లేకుండానే నడుపుతున్నారన్న అనుమానం వచ్చిన చోటికి వెళ్లి సోదా చేయాలన్నా, వస్తున్నామని ముందు తెలియజేయకుండా లోపల అడుగు పెట్టకూడదని 34వ సెక్షన్ అంటుంది. దొంగ ఇంటికి పోలీసులు కబురు పెట్టి వెళ్తారా?

జరిమానాలు ఇంకా విడ్డూరం. 2010లో పెట్టిన లెక్క ప్రకారం, రోగుల ఆరోగ్యానికీ భద్రతకూ వెంటనే ముప్పు లేని లోపమైతే పది వేల రూపాయల దాకా. రిజిస్ట్రేషనే లేకుండా ఆస్పత్రి నడిపితే మొదటిసారికి యాభై వేల దాకా. ఐసీయూలో ఒక మనిషికి రెండు మూడు రోజుల బిల్లు అంతకన్నా ఎక్కువే అవుతుంది. అలాంటి జరిమానాకు భయపడి రాత్రి డ్యూటీకి ఇంకో నర్సును జీతమిచ్చి పెట్టుకునే యజమాని ఎవరు?

మంటల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2017 అక్టోబర్ 16న హనుమకొండ రోహిణి ఆస్పత్రిలో మంటలు లేచినప్పుడు ఊరంతా అక్కడే ఉంది. ఇద్దరు చనిపోయారు. మిగతా రోగులను స్ట్రెచర్ల మీద, చేతుల మీద మోసుకొచ్చి వేరే ఆస్పత్రులకు చేర్చారు. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రతి నర్సింగ్ హోం గోడకూ ఎర్ర సిలిండర్లు వచ్చాయి. వాటి మీద రీఫిల్ తేదీ ఎప్పుడు దాటిపోయిందో చూసినవాళ్లు లేరు. నేను పనిచేసిన చోట వెనక మెట్ల తలుపుకు తాళం ఉండేది. ఎందుకంటే బిల్లు కట్టకుండా పేషెంట్లు అటు నుంచి వెళ్లిపోతారట. తాళంచెవి ఫార్మసీలో ఉండేది, రాత్రి ఫార్మసీకి కూడా తాళమే. ఆక్సిజన్ సిలిండర్లకు గొలుసు లేదు, గోడకు ఆనించి నిలబెట్టడమే. సెల్లార్‌లో జనరేటర్, పక్కనే డీజిల్ క్యాన్లు, వాటి పక్కనే పాత పరుపులు. 2024 మే 25 రాత్రి ఢిల్లీ వివేక్ విహార్‌లో పసిపిల్లల ఆస్పత్రి తగలబడి ఏడుగురు శిశువులు చనిపోయారు. ఆ ఆస్పత్రి లైసెన్సు మార్చి 31నే ముగిసింది. ఐదు మంచాలకు అనుమతి ఉంటే పన్నెండు మంది పిల్లలున్నారు. ఈ రెండు ముక్కలూ గేటు మీద రాసి ఉంటే, లోపలికి వెళ్లబోయే తల్లి ఒక్క క్షణం ఆగి ఉండేది కదా!

ప్రైవేటు వాళ్లను అని సర్కారును వదిలేస్తే నేను చేసిన ఉద్యోగానికే ద్రోహం. 2022 మార్చి నెలాఖరున వరంగల్‌లోని మన సర్కారు పెద్దాస్పత్రి ఎంజీఎంలో, శ్వాస రోగుల ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగి చేతివేళ్లను, కాలిని ఎలుకలు కొరికాయి. హైదరాబాద్ నిమ్స్‌కు తరలించాక ఆయన చనిపోయాడు. చావుకు కారణం ఎలుక కాట్లు కావని, అసలు జబ్బే ముదిరిందని డాక్టర్లు చెప్పారు. అది నిజమే కావచ్చు. కానీ ఐసీయూ మంచం మీద ఎలుక ఎక్కేదాకా వచ్చిందంటే అది ఒక్క రాత్రిలో జరిగేది కాదు. డ్రైనేజీ కన్నాలు, ఫాల్స్ సీలింగ్ సందులు, అటెండెంట్లు వదిలేసిన అన్నం మూటలు, రాసి రాసి విసిగిపోయిన సిస్టర్ల కంప్లయింట్ బుక్కులు, ఇన్ని ఉంటాయి దాని వెనక. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుకలు ఆర్డర్ కాపీలు చదవవు. అంతకుముందు ఆ వార్డును ఎవరు చూశారు, ఏం రాశారు అన్న కాగితం మాత్రం జనం ముందుకు రాలేదు. పైన చెప్పిన చట్టం సైన్యం ఆస్పత్రులకు తప్ప సర్కారు దవాఖానలకూ వర్తిస్తుందని ఎంతమందికి తెలుసు? వరంగల్ సెంట్రల్ జైలు స్థలంలో ఇరవై నాలుగు అంతస్తుల ఆస్పత్రి కట్టడానికి పూనుకున్నాం, సంతోషం. అన్ని అంతస్తులకూ రాత్రి డ్యూటీ నర్సులెందరో ఇప్పుడే అడగాలి.

ఆ 2022లోనే ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. అందరూ బతకడానికి ఇంకా ఎంతో ఉన్న తల్లులు. లాపరోస్కోపును ఒకరికి వాడాక ఇంకొకరికి వాడేముందు ద్రావణంలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. ఒక్కరోజులో అన్ని కేసులు పెట్టుకున్నప్పుడు ఎన్ని పరికరాలు చేతిలో ఉండాలో థియేటర్ సిస్టర్ ఎవరినడిగినా లెక్క చెబుతుంది. ఆ ఘటన తర్వాత సెప్టెంబర్‌లో రాష్ట్రమంతటా ప్రైవేటు ఆస్పత్రుల మీద తనిఖీలు జరిపారు. నోటీసులిచ్చారు, కొన్నిటికి తాళాలు వేశారు. ఎన్నింటికి అన్న లెక్క పేపర్లలో వచ్చింది. మన వీధిలోని ఆస్పత్రికి నోటీసు ఎందుకిచ్చారు, తర్వాత సరిచేసుకుందా లేదా అన్నది మాత్రం దాని గేటు ముందు నిలబడ్డ మనిషికి తెలిసే దారి లేదు. తనిఖీ ఫలితం ఆఫీసుకూ యజమానికీ మధ్య రహస్యంగా ఉన్నంతకాలం అది బేరానికి పనికొస్తుంది తప్ప రోగికి పనికిరాదు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ పెద్దమ్మ కొడుకునే తీసుకోండి. అతనుండే దేశంలో ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోంలకు చెప్పకుండా వెళ్లి తనిఖీ చేస్తారు. పదిహేను నెలలు దాటకుండా ఒకసారి వెళ్లి తీరాలి. దొరికిన లోపాల రిపోర్టు ఎవరడిగినా చదువుకునేలా ఆ హోంలోనే అందుబాటులో ఉంచాలి. మంచాన పడినవాళ్లకు పుండ్లు ఎన్ని, నర్సులెందరు, నక్షత్రాలెన్ని, అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఇంగ్లండ్‌లో 2015 నుంచి ఆస్పత్రులు, వృద్ధుల హోంలు తమకొచ్చిన రేటింగును గుమ్మం దగ్గర పెట్టి తీరాలి, "పనికిరాదు" అని వచ్చినా సరే. ఆ దేశాల్లో అంతా బాగుందని నేననను. కోవిడ్‌లో ఆ హోంలలో ఎంతమంది ముసలివాళ్లు పోయారో లోకమంతా చూసింది. కానీ పక్కింటి ముసలాయన కోసం టెక్సాస్‌లో ఆ అబ్బాయి తెలుసుకోగలిగింది, కన్నతల్లి కోసం హనుమకొండ నయీంనగర్‌లో తెలుసుకోలేడు. ఇక్కడ ఆస్పత్రిని ఎంచేది ఆర్‌ఎంపీ, లేకపోతే అంబులెన్స్ డ్రైవర్. వాళ్లు చూసే లెక్కలు వేరు.

రిపోర్టు బయట పెడితే ఆస్పత్రి పరువు పోతుందని డాక్టర్లు అంటారు. నాతోనే అన్నారు, "సిస్టర్, చిన్న లోపాన్ని పట్టుకుని జనం అద్దాలు పగలగొడతారు" అని. ఆ భయాన్ని కొట్టిపారేయను, పగిలిన అద్దాలు ఊడ్పించినదాన్నే. అయితే జనం రాళ్లు పట్టుకునేది లోపల ఏం జరిగిందో ఎవరూ చెప్పనప్పుడే. లోపం ఫలానాది, ఫలానా తేదీకల్లా సరిచేస్తామని గోడ మీద రాసి ఉన్న చోట గొడవ తగ్గుతుందని నా అనుభవం. అయినా, పేదల వైద్యానికి సర్కారు బిల్లు కట్టే ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచాం. ఆ సొమ్ము జనానిది. జనం సొమ్ము తీసుకునే చోట తనిఖీ రిపోర్టు దాచుకునే హక్కు ఎవరికీ లేదు.

నగరం ఒక్కటే అయినా హనుమకొండ, వరంగల్ అని జిల్లాలు రెండు, డీఎంహెచ్‌వోలు ఇద్దరు. ఆస్పత్రి మడికొండలో ఉంటే ఒక ఆఫీసు, పోచమ్మమైదాన్‌లో ఉంటే ఇంకో ఆఫీసు లెక్క. పేషెంటుకు ఆ గీత ఎక్కడుందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కాబట్టి ఇద్దరు కలెక్టర్లకూ కలిపే అడుగుతున్నాను. చట్టం మార్చడం మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. కానీ తనిఖీకి రాత్రిపూట వెళ్లడం మీ చేతిలో ఉంది. టీంలో సీనియర్ నర్సును ఒకరిని పెట్టడం మీ చేతిలో ఉంది, దుప్పటి ఎత్తి చూడటం ఆమెకు తెలుసు. రిపోర్టును తెలుగులో, పెద్ద అక్షరాలతో, తేదీతో సహా గేటుకు అతికించమని చెప్పండి. ఈ రాత్రి డ్యూటీలో ఎన్ని మంచాలకు ఎంతమంది నర్సులో పక్కన బోర్డు మీద రాయించండి. మొదటి రిపోర్టు ఎంజీఎం గేటుకే అతికించండి. అప్పుడు ఏ ప్రైవేటు ఆస్పత్రీ కాదనలేదు.