బ్యాటరీ పేలితే బాధ్యత ఎవరిది? పేలిన వస్తువును ఇచ్చేస్తే కేసు నిలబడటం కష్టమే!

ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్, విజయవాడల్లో ప్రాణాలు పోయాయి. స్కూటరే కాదు.. కుక్కర్, గీజర్, ఫోన్.. ఏది పేలినా బాధిత కుటుంబానికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. అంత పెద్ద కంపెనీ నిర్లక్ష్యాన్ని మనం ఎలా నిరూపిస్తాం?

నిజానికి ఆ అవసరం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 ఈ విషయంలో బాధితుల వైపే ఉంది. 2020 జులై నుంచి ఇది అమల్లో ఉంది. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, వాడకంపై సరైన హెచ్చరికలు ఇవ్వకపోవడం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, దానివల్లే నష్టం జరిగిందని తేలితే తయారీదారు పరిహారం కట్టాల్సిందే. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మిన షాపు బాధ్యత వహించాలి.

గాయపడిన వ్యక్తి పేరు మీదే బిల్లు ఉండాలనీ లేదు. కొన్నవారి అనుమతితో వాడినవాళ్లూ చట్టం దృష్టిలో వినియోగదారులే. ప్రాణం పోతే వారసులు కేసు వేయొచ్చు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. నిర్లక్ష్యాన్ని నిరూపించక్కర్లేదు కానీ, వస్తువులో లోపం ఉందని మాత్రం చూపించాలి. అవసరమైతే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయిస్తుంది. "కొత్తది ఇస్తాం, పాతది ఇచ్చేయండి" అన్న మాటకు ఒప్పుకుంటే పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. అందుకే కాలిన ముక్క, బిల్లు, వారంటీ కార్డు, ఫొటోలు, ఆస్పత్రి కాగితాలు అన్నీ దాచాలి.

అవతలివాళ్లు వాదించేది కూడా ఇక్కడే. వస్తువును మార్చేశారని, తప్పుగా వాడారని తేలితే అమ్మినవాళ్లు బయటపడొచ్చు. లోకల్‌గా బ్యాటరీ విప్పించి రిపేర్ చేయించినా కేసు చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది.

కేసు కోసం కంపెనీ ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు. బాధితులు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. అయితే గడువు 2 ఏళ్లే. షోరూం చుట్టూ తిరుగుతూ కూర్చుంటే ఆ గడువు కరిగిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.