పథ్యం పేరిట పస్తు

మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి క్యాన్సర్ వార్డుల్లో స్టీలు క్యారేజీలు విప్పుతారు. పై గిన్నెలో మిరియాల చారు, దాని కింద గుజ్జుగా ఉడికిన అన్నం, అట్టడుగున కారం వేయని బీరకాయ కూర. ఇది మంచం మీదున్న మనిషికి. సంచిలో ఇంకో డబ్బా ఉంటుంది. తోడుగా వచ్చిన ఆవిడ దాన్ని వరండాలోకి తీసుకెళ్లి, గోడవైపు తిరిగి తింటుంది. అందులో ముద్దపప్పు, నెయ్యి, ఉడికించిన గుడ్డు. ఆయన చూస్తే నోరూరుతుంది, పాపం, అని ఆవిడ బాధ. ఆ రెండు డబ్బాలూ పొరపాటున తారుమారైతే ఎంత బాగుండునో ఆవిడకు చెప్పినవాళ్లు లేరు.

పథ్యం అంటే దారికి తగినది, ఒంటికి హితమైనది అని అర్థం. ఏం తినాలో చెప్పాల్సిన మాట అది. మన ఇళ్లలో మాత్రం ఏం తినకూడదో చెప్పే జాబితాగా మారిపోయింది. కందిపప్పు తింటే కుట్లు చీము పడతాయి. గుడ్డు వేడి. పెరుగు జలుబు. వంకాయ, గోంగూర దురద. చేప వాతం. వేరుశనగ పైత్యం. మేనత్త ఒకటి తీసేస్తుంది, పక్కింటి పిన్నిగారు ఇంకోటి తీసేస్తారు, పలకరించడానికి వచ్చిన చుట్టం వాట్సాప్‌లో చూసి పాలూ చక్కెరా కూడా కొట్టేస్తాడు. చివరికి మిగిలేవి చారు, బ్రెడ్డు, కొబ్బరినీళ్లు, జావ. మామూలు జ్వరానికైతే నాలుగు రోజులు ఇవి చాలు. కీమోథెరపీ నాలుగు రోజుల వ్యవహారం కాదు. మూడు వారాలకోసారి చొప్పున నెలల తరబడి సాగుతుంది.

జావనే తీసుకుందాం. రాగిజావ అంటే బలమని మనకో గట్టి నమ్మకం. రాగులు మంచివే, కాల్షియం పుష్కలం. అయితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో ప్రోటీన్ సుమారు 7 గ్రాములు. గ్లాసు జావలో పడే పిండి పాతిక గ్రాములు. అంటే ఆ గ్లాసులో ప్రోటీన్ రెండు గ్రాములకు మించదు. మిగతాదంతా నీళ్లు, ఉప్పు, ఇంటివాళ్ల తృప్తి.

చికిత్సలో ఉన్నవారికి రోజూ కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు, కనీసం ఒక గ్రాము, వీలైతే గ్రామున్నర దాకా ప్రోటీన్ అందాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 55 కిలోల మనిషికి మధ్యస్థంగా 66 గ్రాముల ప్రోటీన్ అనుకుందాం. పథ్యం క్యారేజీలో ఎంతుందో కూడి చూస్తే లెక్క ఇలా తేలుతుంది: పొద్దున జావ 2, రెండు ఇడ్లీలు 4, మధ్యాహ్నం చారన్నం 5, పల్చటి మజ్జిగ 2, సాయంత్రం రెండు బ్రెడ్డు ముక్కలు 4, రాత్రి మళ్లీ చారన్నం 5. మొత్తం 22. కొబ్బరినీళ్లకు వేయడానికి అంకే లేదు. కావాల్సినదాంట్లో మూడోవంతు దగ్గరే బండి ఆగిపోయింది. అదీ పెట్టినదంతా తింటే.

ఇప్పుడు అదే రోజులో జావను నీళ్లతో కాకుండా గ్లాసు పాలతో కాయాలి. 6 పెరుగుతుంది. రెండు గుడ్లు 13. చారుకు బదులు గట్టి పప్పు ఓ కప్పు, 6. గుప్పెడు వేరుశనగపప్పు, నమల్లేకపోతే పొడి కొట్టి అన్నంలో, 7. కప్పు గడ్డపెరుగు 5. అక్కడికి 59. మాంసాహారులైతే ఓ కొర్రమీను ముక్క వేసుకుంటే లెక్క దాటేస్తుంది. ఇందులో పొడిడబ్బాలేవీ లేవు. పది గ్రాముల ప్రోటీన్ కోసం వందలు పోసి డబ్బా కొని, కొద్ది రూపాయల గుడ్డును వేడి అని పక్కన పెట్టే ఇళ్లు మనకు కొత్త కాదు. మూత్రపిండాల జబ్బో షుగరో ఉన్నవారికి ఈ లెక్క మారుతుంది. అది ఆస్పత్రిలోని డైటీషియన్‌తో తేల్చుకోవాల్సిన సంగతి, చుట్టాలతో కాదు.

చీము సంగతి కూడా తేల్చేయాలి. కుట్లు చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. పప్పు వల్ల కాదు. పుండు మానాలంటే కొత్త కండ కట్టాలి, కండ కట్టడానికి ప్రోటీన్ కావాలి. పప్పు మానేసిన మనిషి పుండు మానడానికి ఆలస్యమవుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ చూశారా, ఆ రోజు రెండు ముద్దలు పప్పు పెట్టారు, అందుకే అంటారు. ఈ వాదానికి ఓటమన్నదే ఉండదు.

ఇక చక్కెర. క్యాన్సర్ కణం చక్కెర తింటుంది కాబట్టి చక్కెర ఆపితే క్యాన్సర్ చస్తుందని నమ్మేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. మూలంలో నిజం లేకపోలేదు. కణితులు గ్లూకోజును విపరీతంగా వాడుకుంటాయని 1920లలోనే జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ గమనించాడు. ఇప్పటి పెట్ స్కాన్ పనిచేసేది కూడా ఆ సూత్రం మీదే, రేడియోధార్మిక గ్లూకోజు ఎక్కించి అది ఎక్కడ పోగవుతుందో చూస్తారు. కానీ అన్నం మానేసినంత మాత్రాన కణితి పస్తుండదు. తిండిలో చక్కెర అందకపోతే కాలేయం ఒంట్లోని కండను కరిగించి మరీ గ్లూకోజు తయారుచేస్తుంది. పస్తు పడేది మనిషికి. జిలేబీలు పెట్టమని ఎవరూ అనరు. రెండు ముద్దలు తినడమే గగనమైన మనిషి కంచంలోంచి అన్నం లాగేయొద్దనే మనవి.

పోషకాలకూ క్యాన్సర్ మందులకూ ఉన్న ముడి ఎంత చిక్కనిదో చెప్పడానికి మన భీమవరం కథే ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బు అది. ఆ జబ్బుకు అక్కరకొచ్చే విటమిన్లలో ఫోలిక్ యాసిడ్ ఒకటి. 1941లో దాన్ని అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి వేరుచేశారు. ఫోలిక్ అన్న పేరు ఆకు నుంచి వచ్చిందే. అక్కడే లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలల్లో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ కోవ మందులను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, మేలు చేయకపోగా జబ్బు ఉరకలెత్తినట్టు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటే? సుబ్బారావు బృందం అలాంటి విరుగుడు మందు అమినోప్టెరిన్‌ను చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది.

ఈ కథ వార్డులో పనికొస్తుంది. విటమిన్లే కదా, ఏం చేస్తాయిలే అని మందుల షాపులో మల్టీవిటమిన్ కొని మింగేవాళ్లకు ఇది చెప్పాలి. మెథోట్రెక్సేట్ వాడేవారు డాక్టరు చెప్పకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే మందుకే అడ్డు తగలొచ్చు. కేపెసిటబిన్ అనే కీమో మాత్రలు వాడేవారికైతే వ్యవహారం తిరగబడుతుంది, నోటిపూత, విరేచనాలు ముదురుతాయి. తోటకూర పప్పు మానేయమని దీని అర్థం కాదు. కంచంలో ఉండేది వేరు, మాత్రలో కుదించి పెట్టింది వేరు. లక్ష్మణఫలం కషాయాల సంగతీ ఇంతే. ఆ పండు క్యాన్సర్‌ను కరిగిస్తుందన్నదానికి మనుషుల్లో రుజువు లేదు. అందులోని అనోనాసిన్ అనే పదార్థం నరాలకు చేటు చేస్తుందన్న అనుమానం కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో చేసిన పరిశోధనల్లో గట్టిగానే బయటపడింది.

పచ్చి కూరగాయలు, పండ్లు పూర్తిగా నిషేధమా అన్నది ఇంకో సందేహం. కీమో ఇచ్చిన వారం పదిరోజులకు తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఒకప్పుడు ఆ రోజుల్లో పచ్చివన్నీ ఆపేసేవారు. దానివల్ల ఇన్ఫెక్షన్లు తగ్గిన దాఖలా పరిశోధనల్లో పెద్దగా దొరకలేదు. చేతులు కడుక్కోవడం, వేడిగా వండుకు తినడం, ఇంట్లో కడిగి తొక్క తీసిన పండు, ఈ మూడే అసలు రక్షణ. బండి మీద కోసి పెట్టిన పుచ్చకాయ, ఐసు వేసిన చెరకురసం, పానీపూరి, టిఫిన్ సెంటర్లో పొద్దుటి నుంచి మూత లేకుండా ఉన్న కొబ్బరి చట్నీ జోలికి పోకూడదు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవారైతే కొన్నాళ్లు చల్లటి నీళ్లు కూడా తాగకూడదు, గొంతులో సూదులు గుచ్చినట్టవుతుంది. ఇంటివాళ్లు దాన్ని జలుబు ఖాతాలో వేస్తారు.

తినాలని లేకపోవడం మొండితనం కాదన్నది చాలా ఇళ్లకు ఎక్కదు. నాలుక మీద రుచి మొగ్గలు దెబ్బతింటాయి. మాంసం ఇనుము నాకినట్టుంటుంది. అలాంటప్పుడు స్టీలు చెంచా పక్కన పెట్టి ప్లాస్టిక్‌దో చెక్కదో వాడితే కొంత మేలు. నోట్లో పుండ్లు లేకపోతే నిమ్మకాయ పులిహోర, అల్లం చారు లోపలికి దిగుతాయి. పోపు వాసనకు డోకు వచ్చేవారికి వేడి తగ్గాక పెడితే వాసన అంతగా తగలదు. పూటకు పళ్లెం నిండా పెట్టి తినలేదని కళ్లనీళ్లు పెట్టుకునే కంటే రెండు గంటలకోసారి రెండు ముద్దలు నయం.

అన్నిటికంటే కష్టం నోటి, గొంతు క్యాన్సర్లవారిది. ఖైనీ, గుట్కాల పుణ్యం ఎటూ ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లలో, నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చడం వల్ల, అంగిలి మీదే జబ్బు మొదలవుతుంది. రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి నోరంతా పూస్తుంది. ఉమ్మి ఊరదు. మంచినీళ్లు మింగినా మంటే. అప్పుడు ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేద్దామంటారు డాక్టర్లు. రైల్స్ ట్యూబు అంటారు దాన్ని. ఆ మాట వినగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, గొట్టం వేశారంటే ఇక అయిపోయినట్టేనని. నిజానికి అది చికిత్స మధ్యలో ఆగిపోకుండా ఉండటానికి వేసే గొట్టం. ఈ క్యాన్సర్లలో రేడియేషన్‌కు మధ్యలో విరామం వస్తే ఫలితం తగ్గుతుంది.

గొట్టంలో పోసేది ఏమిటన్నది అసలు ప్రశ్న. మనిషిని కూర్చోబెట్టి, యాభై మిల్లీలీటర్ల సిరంజిని లోపలి కాడ తీసేసి గొట్టానికి తగిలిస్తారు. గ్లాసు పైకి వంచి నెమ్మదిగా పోస్తే దానంతటదే దిగుతుంది. చివర్లో కాసిని మంచినీళ్లు పోసి గొట్టం కడుగుతారు. ఆ గ్లాసులో ఉండాల్సింది పాలు, పప్పు మెత్తగా రుబ్బి వడగట్టింది, ఉడికించిన గుడ్డు మిక్సీ పట్టింది, ఓ చెంచా నూనె. చాలాసార్లు ఉండేది బత్తాయి రసం, పల్చటి జావ, కొబ్బరినీళ్లు. గొట్టం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, మనిషి చిక్కిపోతూనే ఉంటాడు.

చిక్కిపోతున్నట్టు కనిపెట్టడానికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. కీమోకు వెళ్లిన ప్రతిసారీ పేషంటును తూకం ఎక్కిస్తారు. చాలా మందుల మోతాదు ఎత్తూ బరువూ చూసి కట్టాలి కాబట్టి ఆ అంకె కేసు షీటులో తప్పకుండా ఉంటుంది. మందు కోసం రాసిన ఆ అంకెను తిండి కోసం చూసేవాళ్లే తక్కువ. ఆరు నెలల్లో బరువు ప్రయత్నం లేకుండా నూటికి అయిదు వంతులకు మించి తగ్గితే వైద్యులు దాన్ని క్షీణతగా లెక్కిస్తారు. 60 కిలోల మనిషి 57 కంటే కిందికి దిగితే చాలు. ఫైలు ఇంట్లోనే ఉంటుంది. ఈ మూడు నెలల అంకెలు ఒకదాని పక్కన ఒకటి కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు పెడితే, డైటీషియన్ దగ్గరకు పంపమని అడగడానికి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు. అసలు మొదటి కీమో నాడే డైటీషియన్‌ను కలిపించాలి. మనిషి సగమయ్యాక కాదు.

చికిత్స అయిపోయాక కథ అడ్డం తిరగడం ఇంకో విడ్డూరం. రొమ్ము క్యాన్సర్ మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటిది. ఆ చికిత్స పొందినవారిలో చాలామంది బరువు తగ్గరు, పెరుగుతారు. ముట్లు ఆగిపోవడం, స్టెరాయిడ్లు, నడక తగ్గడం, అన్నీ కలుస్తాయి. సరిగ్గా అప్పుడే, జబ్బు తగ్గిందన్న సంబరంలో, బలం పట్టాలని ఇంటిల్లిపాదీ నేతి స్వీట్లు మొదలుపెడతారు. వద్దన్నప్పుడు పెట్టి, పెట్టాల్సినప్పుడు వద్దన్నట్టు. ఈ దశలో కావాల్సింది రోజూ అరగంట నడక, కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ, పప్పూ పెరుగూ యథాప్రకారం, అన్నం కాస్త తక్కువ. సాసేజీలు, సలామీల్లాంటి నిల్వ మాంసాలను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మద్యం ఆ జాబితాలో ఎప్పటినుంచో ఉంది.

రేడియేషన్ పూర్తయినవారు డాక్టర్లను అడిగే ప్రశ్న మాత్రం తెలుగునాట అంతటా ఒకటే: ఆవకాయ ఎప్పుడు తినొచ్చు? పుండ్లు పూర్తిగా మానాక. రుచి తిరిగి రావడానికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ముందు ఉప్పో తీపో తెలుస్తుంది, కారం మంట మాత్రం చాన్నాళ్లు పోదు. అందుకని ఇళ్లలో ఓ ఉపాయం చేస్తారు. చంటిపిల్లలకు పెట్టినట్టే మామిడి ముక్కను నీళ్లలో కడిగి, కారం పోయాక గడ్డపెరుగు కలిపిన అన్నం పక్కన పెడతారు. అరవయ్యేళ్ల పెద్దమనిషి ఆ కడిగిన ముక్కను బుగ్గన పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంటాడు, పులుపు తగులుతోందో లేదో చూసుకుంటూ.