ఓడను పట్టుకున్న చట్టం, మేస్త్రీని వదిలేసిన చట్టం



మిర్చి ఏరే రోజులు దగ్గరపడుతున్నాయి. మన చంద్రపూర్ జిల్లా పల్లెల నుంచి ఎప్పటిలాగే జనం గుంపులుగా తెలంగాణ వైపు కదులుతారు. వాళ్లను తీసుకెళ్లే ముకద్దంలలో మరాఠీ, తెలుగు రెండూ వచ్చినవాళ్లకు గిరాకీ ఎక్కువ. అలాంటివాళ్లు మనలోనూ ఉన్నారు. అందుకే ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోవాలి. మొదలు మాత్రం కాస్త దూరం నుంచి, చైనా ఓడల నుంచి.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక తోటలకు మనుషులు కావాల్సి వచ్చారు. మన దేశం నుంచి, చైనా నుంచి కూలీలను ఓడల్లో నింపి పంపారు. ఆకలితో, జబ్బులతో దారిలోనే ఎంతోమంది పోయారు. గోల పెరిగాక 1855లో బ్రిటిష్ పార్లమెంటు చైనా ప్రయాణికుల చట్టం తెచ్చింది. హాంకాంగ్ నుంచి ఇరవై మందికి మించి ఆసియా ప్రయాణికులతో బయలుదేరే ఓడకు వలస అధికారి ధ్రువపత్రం ఉండాలి. ఎక్కినవాళ్లు ఇష్టపడే వెళ్తున్నారా, ఒప్పందం వాళ్లకు అర్థమైందా అని ఆయన చూడాలి. కెప్టెన్ ముందే పూచీకత్తు రాసివ్వాలి. ఆ కాగితాలు లేకుండా ఓడ కదిలితే ఓడనే జప్తు చేయొచ్చు. 1862లో అమెరికా కూడా తన ఓడలు కూలీల వ్యాపారం చేస్తే జప్తేనని చట్టం చేసింది.

ఇది దయతో చేసిన పని అని మనం అనుకోనక్కర్లేదు. కూలీలు కావాలి, చెడ్డపేరు వద్దు, అంతే. కన్నాలు కూడా చాలానే ఉన్నాయి. హాంకాంగ్‌లో కట్టడి పెరిగితే వ్యాపారం పోర్చుగీసు వాళ్ల మకావుకు మారింది. అక్కడి నుంచి క్యూబాకు, పెరూకు మనుషుల్ని పంపడం 1874 దాకా ఆగలేదు.

అయినా ఆ చట్టంలో ఒక తెలివి ఉంది. పట్టుకోవాల్సింది ఊళ్లో కూలీని మాటలతో బుట్టలో వేసిన చిన్న ఏజెంటును మాత్రమే కాదు, లాభం తినే పెద్దవాడి ఆస్తిని అని గుర్తించింది. ఏజెంటు జైలుకెళ్తే రేపు ఇంకొకడు వస్తాడు. ఓడ పోతే యజమాని కదులుతాడు.

ఓడను ఆపితే ఏమవుతుందో 1872లో జపాన్‌లో తేలింది. మరియా లూజ్ అనే పెరూ ఓడ మకావు నుంచి వెళ్తూ యొకొహామా రేవులో ఆగింది. లోపల 231 మంది చైనా కూలీలు. ఒకడు నీళ్లలో దూకి దగ్గర్లోని బ్రిటిష్ ఓడ చేరాడు. జపాన్ అధికారులు ఓడను ఆపి, విచారణ జరిపి, కూలీలను విడిపించి చైనాకు పంపారు. పెరూ గొడవ పెట్టుకుంది. మధ్యవర్తిగా కూర్చున్న రష్యా చక్రవర్తి 1875లో జపాన్ చేసింది సరైనదేనన్నాడు.

మరి మనవాళ్ల సంగతి? కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి వెళ్లిన తెలుగువాళ్లకు మారిషస్‌లో, బర్మాలో కోరంగీలని పేరే పడింది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ ఎక్కి నవంబర్ 16న డర్బన్ చేరినవాళ్లలోనూ తెలుగువాళ్లు ఉన్నారు. ఆ దూరదేశాల ప్రయాణానికి వలస చట్టం ఉంది, దాన్ని చూడటానికి ప్రొటెక్టర్ అనే అధికారి ఉన్నాడు. అన్యాయం ఆగలేదు కానీ కనీసం పేర్లు రాసుకున్నారు.

బర్మాకు వెళ్లినవాళ్లకు అదీ లేదు. 1937 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం. దేశం లోపలే కదా, వలస ఎలా అవుతుంది అన్నారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చాడు, స్టీమరు డెక్కు మీద ఎక్కించాడు, రంగూన్‌లో కూలీలోంచి కోసుకున్నాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో బర్మా కూలీలకు, తెలుగు కూలీలకు మధ్య అల్లర్లు రేగి ఎందరో మనవాళ్లు చనిపోయారు. పనికి తెచ్చిన కంపెనీల ఓడను కానీ, సొమ్మును కానీ ముట్టుకునే చట్టం వాళ్ల వెనక లేదు.

“దేశం లోపలే కదా” అనే ఆ మాటే మన దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. నిన్నటి పక్క ఊరు ఇవాళ పరాయి రాష్ట్రం. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు కూలీ ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలని అందులో రాశారు. అంటే ఆ పాత తెలివే, ఓడను పట్టుకోవడమే. తర్వాత అది 2020 కార్మిక కోడ్‌లో కలిసింది. చట్టం వర్తించాలంటే ఐదుగురు కూలీలు చాలన్నది కాస్తా పదికి పెరిగింది. మిర్చి చేలో ఆ చట్టం పేరు విన్నవాళ్లు ఎంతమంది? 2020 లాక్‌డౌన్‌లో కూలీలు అడవి దారుల్లో నడుచుకుంటూ ఇళ్లకు బయలుదేరినప్పుడు ఎవరి చేలో పని చేశారో చెప్పే కాగితం చేతిలో ఉన్నవాళ్లు ఎందరు?

అందుకే సంఘం ముందు మూడు విషయాలు పెడుతున్నాం. ఒకటి, మనవాళ్లు ఎవరు గుంపును తీసుకెళ్లినా పేర్ల జాబితా ఒక ప్రతి సంఘంలో ఉంచాలి. రెండు, మరాఠీలో, తెలుగులో ఒక్క పేజీ రాయాలి. కూలీ రేటు, దారి ఖర్చు, తిరిగొచ్చే ఖర్చు అందులో ఉండాలి. మూడు, ఆ పేజీ మీద ముకద్దం సంతకం ఒక్కటే చాలదు, చేను యజమాని పేరు, ఫోన్ నంబరు, సంతకం ఉండాలి.

కాగితం అంటే రైతు భయపడతాడు, పని పోతుంది అని కొందరంటారు. నిజమే, కొందరు వెనకాడతారు. కానీ పంట చెట్టు మీద ఎండుతుంటే రైతుకు కూలీ ఎంత అవసరమో మనకు తెలియంది కాదు. కూలీ ఇచ్చే ఉద్దేశం ఉన్నవాడికి సంతకంతో నష్టం లేదు. ముకద్దంకు కూడా ఇది మేలే. రైతు డబ్బు ఆపితే ఇప్పుడు ఊళ్లో తిట్లు తినేది అతనే.

బర్మా వెళ్లిన మన తాతల పేర్లు రాసుకున్నవాళ్లు లేరు. మన భాష నమ్ముకుని బయలుదేరే ఈ మనుషుల పేర్లయినా మనం రాసుకుందాం. వచ్చే సమావేశంలో దీన్నే మొదటి విషయంగా పెట్టాలని మా మనవి. ఒప్పుకోనివాళ్లు కూడా తప్పకుండా రండి, ఎందుకు కాదో అక్కడే చెప్పండి.