అప్పు తీరింది, మరి పద్దులో తీరిందా?

చెల్లెళ్లూ, పాలవాడికి డబ్బులిచ్చాక క్యాలెండర్లో ఆ నెల లెక్క కొట్టేసిందాకా మనం ఊరుకోం కదా! బ్యాంకు దగ్గర మాత్రం కట్టేసి, "అమ్మయ్య" అనుకుని వచ్చేస్తాం.

ఆళ్లగడ్డలో మా వదినకు ఇదే చిక్కొచ్చింది. అన్నయ్యది శిల్పాల పని. రాయి కొనడానికి వదిన పేరున ఒక బ్యాంకులో తీసుకున్న అప్పు మూడు వాయిదాలు తప్పింది. తర్వాత వడ్డీతో సహా పైసా మిగల్చకుండా కట్టేశారు. ఏడాది తిరిగాక ఇంటి అప్పు కోసం నంద్యాల వస్తే, "సిబిల్లో పాత బకాయి కనిపిస్తోందమ్మా" అన్నారట. పాపం, ఆమె ముఖం చిన్నబోయింది.

మన అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీలు దేశంలో నాలుగున్నాయి. సిబిల్ అందులో ఒకటి. బ్యాంకు పంపిందే అవి రాసుకుంటాయి. అప్పు తీరిన సంగతి బ్యాంకు పంపకపోతే బకాయి అలాగే ఉండిపోతుంది. ఏడాదికోసారి ఒక్కో కంపెనీ మన పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే పాన్ కార్డు ఇచ్చి కంప్యూటర్లో తీయించండి.

వదిన బాకీ లేదన్న కాగితం, కట్టిన రసీదు జతచేసి బ్యాంకుకూ, సిబిల్‌కూ ఫిర్యాదు పెట్టింది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మనకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. అందుకే ఫిర్యాదు నంబరు, తేదీ పోపుల డబ్బా పక్కనైనా సరే రాసిపెట్టుకోండి! వదినకు గడువులోపే ఖాతా "క్లోజ్డ్" అని మారింది. మూడు వాయిదాలు ఆలస్యమైన మాట మాత్రం అలాగే ఉంది. అది నిజమే కాబట్టి ఎవరూ చెరపలేరు. డబ్బిస్తే చెరిపేస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఇంకో మాట. మొత్తం కట్టినా "సెటిల్డ్" అని రాస్తే ఒప్పుకోకండి. బ్యాంకు కొంత వదులుకుని తక్కువకు సరిపెట్టుకుందని దానర్థం. కొత్త అప్పు ఇచ్చేవాళ్లకు ఆ మాట గిట్టదు.

ఇంటి పన్ను బకాయి సిబిల్లో ఉంటుందా అని మా వీధిలో ఒకావిడ అడిగింది. ఉండదు, అది మున్సిపాలిటీ పద్దు. కానీ ఇంటి మీద అప్పిచ్చేటప్పుడు బ్యాంకులు పన్ను రసీదు అడుగుతాయి. పాత బకాయి కట్టినవాళ్లు తర్వాతి డిమాండు నోటీసులో బకాయి గడి ఖాళీ అయిందో లేదో చూసుకోండి. కాకపోతే రసీదు నకలుతో అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

30 రోజులైనా బ్యాంకు పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. దానికి రుసుమేమీ లేదు.